మీకు తెలుసా? వేషంలో నిజమెంత?

నా చిన్నప్పుడు, సంక్రాంతి వెళ్లిన నాలుగు రోజులకు మా ఇంటి అరుగు మీదికి ఓ పఠాను వచ్చి కూర్చున్నాడు. తలపాగా, మోకాళ్ల దాకా చొక్కా, చేతిలో పొన్నుకర్ర. కర్రతో నేల మీద ఠంగున కొట్టి, వడ్డీతో కలిపి ఎంతయిందో లెక్క చెప్పి, ‘ఇప్పుడే ఇవ్వాల’ అన్నాడు. నాయనమ్మ లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. గడ్డం ఒక పక్క జిగురు ఊడి వేలాడుతున్న సంగతి నాకు కనబడుతూనే ఉంది. అయినా నాకూ కాళ్లు వణికాయి. ఎందుకంటే, కిందటేడు తాతయ్య ఎడ్ల కోసం అప్పు చేసిన మాట అతని నోట వచ్చింది. ఆ మాట ఊళ్లో ఎవరి దగ్గర పట్టాడో ఏమో!

అతను పఠానూ కాదు, అప్పులవాడూ కాదు. పగటి వేషగాడు. గడ్డం ఊడితే ఊడింది, ఎడ్ల అప్పు మాత్రం నిజం. వేషం నిలబడింది దాని మీదే. నాటకాల నుంచి ఆపరేషన్ థియేటర్ల దాకా, విమానాల నుంచి బడి పిల్లల దాకా వేషం కట్టి నేర్చుకునే వాళ్లందరూ తిప్పలు పడింది ఈ ఒక్క లెక్క కోసమే: నిజాన్ని ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వదిలేయాలి? ఇవిగో కొన్ని ముచ్చట్లు.

సొరకాయకు ఆపరేషన్

శస్త్రచికిత్స నేర్చుకునే విద్యార్థి మొదట కత్తి పెట్టాల్సింది కూరగాయల మీద అని సుశ్రుత సంహిత చెబుతుంది. సూత్రస్థానం 9వ అధ్యాయం మొత్తం ఈ అభ్యాసం గురించే. కోత నేర్చుకోవడానికి బూడిద గుమ్మడి, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ. పొడవడానికి నీళ్లూ బురదా నింపిన తోలు సంచులు. గీరడానికి వెంట్రుకలు తీయని చర్మం, బిగించి కట్టి. నరం కోయడానికి చచ్చిన పశువుల నరాలు, తామర తూళ్లు. కట్లు కట్టడానికి గుడ్డతో చేసిన నిలువెత్తు బొమ్మ.

వీటిలో మనిషిని పోలింది చివరి బొమ్మ ఒక్కటే. మిగతావి చూపుకి మనిషికి ఆమడ దూరం. కానీ కత్తి పట్టిన వేళ్లకు మాత్రం తేడా తెలియకూడదు. తొక్క తెగేటప్పుడు ఎంత బిగువు, గుజ్జు తగలగానే ఎంత మెత్తన అన్నదే అక్కడ పాఠం. శాస్త్రమంతా చదివినా ఈ సాధన చేయనివాడు పనికి తగడని ఆ అధ్యాయం ఖరాఖండిగా చెబుతుంది. ఇంట్లో సొరకాయ తరిగేటప్పుడు ఈసారి కాస్త భక్తిగా తరగండి.

కంచు మనిషి కన్నీరు కారిస్తే పాసు

చైనాలో 1027లో వాంగ్ వెయి-యి అనే వైద్యుడు సాంగ్ చక్రవర్తి ఆజ్ఞతో నిలువెత్తు కంచు విగ్రహాలు రెండు పోయించాడు. ఒంటి మీద ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చాల్సిన చోటల్లా సన్నటి రంధ్రాలు. పరీక్ష రోజున విగ్రహానికి పైనంతా మైనం పూసి రంధ్రాలు కనబడకుండా చేసేవారు. లోపల ద్రవం నింపేవారు. విద్యార్థి గుచ్చిన సూది సరిగ్గా రంధ్రంలో దిగితే బొట్టు బయటికి వస్తుంది. గురి తప్పితే సూది కంచుకు తగిలి ఆగిపోతుంది. పరీక్షాధికారి నోరు మెదిపే పని లేదు, సిఫారసులకు తావు లేదు. మార్కులు వేసేది బొమ్మే.

గుడ్డతో కుట్టిన తల్లి

18వ శతాబ్దపు ఫ్రాన్సులో కాన్పులు చేసే మంత్రసానులకు పాఠం చెప్పడానికి మదామ్ దు కుద్రే అనే మంత్రసాని బొమ్మ కుట్టింది. గుడ్డ, తోలు, లోపల దూది. నడుము నుంచి తొడల దాకా తల్లి శరీరం, దానిలో పట్టే పసిబిడ్డ. 1759లో 15వ లూయీ రాజు ఆమెకు దేశమంతా తిరిగి నేర్పమని అనుమతి పత్రం ఇచ్చాడు. పాతికేళ్ల పాటు ఊరూరూ తిరిగి వేలమంది ఆడవాళ్లకు నేర్పింది. అందులో చాలామందికి చదవడం రాదు. చేతులకే చదువు.

ఆ బొమ్మలో ఒక్క సంగతి చూడండి. బిడ్డ బొమ్మకు నోరు వేలు పెట్టేంత లోతుగా చేసింది. కాళ్లు ముందుగా వచ్చే కాన్పులో తల చిక్కుకుంటే, బిడ్డ నోట్లో వేలు పెట్టి గడ్డం కిందికి వంచి బయటికి తేవాలి. తల్లీబిడ్డల ప్రాణాలు ఆ వేలి మీదే ఉంటాయి. అందుకే ఆ నోటిని అంత శ్రద్ధగా కుట్టింది. ఆమె నాటి బొమ్మ ఒకటి ఇప్పటికీ రువాఁ నగరంలోని మ్యూజియంలో ఉంది.

పళ్ల బొమ్మలాయన, పుండ్ల బొమ్మలు

ప్యారిస్‌లో జూల్ బారెత్తా అనే ఆయన కాగితపు గుజ్జుతో పళ్లు చేసి అమ్ముకునేవాడు. ఆపిల్ మీద మచ్చ, ద్రాక్ష మీద పొడి కూడా దిగిపోయేవి. సెయింట్ లూయీ ఆసుపత్రి చర్మవైద్యుడు ఒకాయన ఆ దుకాణం ముందు ఆగి, ‘పండు మీద మచ్చ ఇంత బాగా చేసేవాడు మనిషి చర్మం మీద మచ్చ చేయలేడా?’ అనుకున్నాడు. ఫొటోలు నలుపు తెలుపుల్లోనే ఉన్న రోజులవి. చర్మరోగానికి రంగే కదా గుర్తు! బారెత్తా రోగుల ఒంటి మీదే అచ్చు తీసి, మైనం పోసి, రంగులు అద్ది వేలకొద్దీ నమూనాలు చేశాడు. 19వ శతాబ్దపు వైద్య విద్యార్థులు అరుదైన రోగాలను మొదట చూసింది ఆ మైనంలోనే. ఆసుపత్రి మ్యూజియంలో అవి నేటికీ వరసగా ఉన్నాయి. పళ్ల దుకాణంలో మొదలైన పనితనం రోగాల బడికి అక్కరకొచ్చింది.

గుర్రం ఎక్కనక్కర్లేదు

‘ఎంత సహజంగా చేశాడో!’ అని మనం నటుణ్ని మెచ్చుకుంటాం. నాట్యశాస్త్రం మాత్రం ఈ సహజత్వానికి రెండు దారులు గీసింది. లోకంలో ఎలా నడుచుకుంటారో అలా చేసి చూపితే లోకధర్మి. ఆటకంటూ ఉన్న కట్టుబాటుతో, ముద్రతో, నడకతో స్ఫురింపజేస్తే నాట్యధర్మి. గుర్రం లేకుండానే గుర్రమెక్కడం, పూలు లేకుండానే మాల కట్టడం రెండో దారి.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఇంకా తెర వెనకే ఉంటుంది. మొదట తెర మీదుగా జడ ఒక్కటే ఇవతలికి పడుతుంది. అంత పొడవు జడ లోకంలో ఎవరికీ ఉండదు, ఆ మాట చూసేవాళ్లందరికీ తెలుసు. కానీ ఆ జడ పడగానే ఆవిడ గారి గీర మొత్తం వేదిక మీదికి వచ్చేస్తుంది. అక్కడ నిజంగా ఉండాల్సింది గీర. జడ కాస్త అబద్ధమైతేనేం!

మగ సత్యభామ, వకీలు నటుడు, సురభి ఆడపడుచులు

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా తెలుగు నాటకరంగాన్ని ఏలాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. చీర కట్టు, నడక, కంటి చివరి చూపు దాకా సాధన చేసి ఆడవేషం వేసేవాడు.

సరిగ్గా అదే కాలంలో బళ్లారి రాఘవది ఎదురు దారి. వృత్తికి వకీలు. రాగాలు తీసే పద్యాల హోరు తగ్గాలి, మాట మాటలా పలకాలి, ఆడ పాత్రలు ఆడవాళ్లే వేయాలి అన్నాడు. వేయించాడు కూడా. మరి ఆడవాళ్లు వేదికెక్కడం తప్పనే రోజుల్లో సురభి వాళ్లకు ఆ చిక్కే రాలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన ఆ సమాజం మొత్తం ఒకటే కుటుంబం. అక్కాచెల్లెళ్లూ వదినా మరదళ్లూ వేషాలు కట్టారు. వేదిక మీద ఏడ్చిన పసిబిడ్డ కూడా సొంత బిడ్డే!

ముగ్గురివీ మూడు నిజాలు. ఒకరిది సాధనలో పుట్టిన నిజం, ఒకరిది మాటలో దొరికిన నిజం, ఒకరిది ఇంట్లో ఉన్న నిజం.

సత్రంలో నటులు

1902లో గోర్కీ రాసిన ‘అట్టడుగున’ నాటకాన్ని మాస్కో ఆర్ట్ థియేటర్ ఆడబోయే ముందు దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ తన నటులను వెంటబెట్టుకుని ఖిత్రోవ్ సంత దగ్గరి పేదల సత్రానికి వెళ్లాడు. దొంగలు, తాగుబోతులు, పని పోయిన గుమాస్తాలు తలదాచుకునే చోటది. వాళ్ల మధ్య కూర్చుని మాట్లాడారు. చిరిగిన కోట్లు దుకాణంలోనూ దొరుకుతాయి. చిరిగిన కోటులో కూర్చునే తీరు దొరికేది అక్కడే.

నరసింహుణ్ని పట్టుకునేవాళ్లు

తమిళనాట తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊరుంది. అక్కడ ఏటా నరసింహ జయంతికి రాత్రంతా ఆడే ప్రహ్లాద చరిత్రం తెలుగు నాటకం. రాసినవాడు మెలట్టూరు వెంకటరామశాస్త్రి. ఇంట్లో తమిళం మాట్లాడే నటులు వేదిక మీద తెలుగు పాడతారు. నరసింహుడి ముఖానికి కట్టే ముసుగుకు ఏడాది పొడవునా పూజ జరుగుతుంది. ఆ వేషం వేసేవాడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు.

స్తంభం లోంచి నరసింహుడు బయటికొచ్చే వేళకు తెల్లవారుజాము అవుతుంది. ముసుగు ముఖానికెక్కాక నటుడికి ఆవేశం వస్తుందని, హిరణ్యకశిపుడి మీదికి నిజంగానే దూకుతాడని, మనుషులు అతణ్ని గట్టిగా పట్టుకుని నిలబడతారు. వేషం ఎంత బాగా కుదిరినా పక్కన పట్టుకునేవాడు ఉండాలన్న జాగ్రత్త ఆ ఊరివాళ్లకు తరతరాలుగా తెలుసు.

ఆర్గాన్ ఫ్యాక్టరీలో ఎగిరిన విమానం

విమానం నడపడం నేలమీదే నేర్పే యంత్రం పుట్టింది సంగీత వాద్యాల కర్మాగారంలో! అమెరికాలోని బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గాన్లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గాన్ ఊదే గాలి తిత్తులతోనే ఎడ్విన్ 1929లో ఒక చెక్క డబ్బాను ఊగేలా, వాలేలా, తిరిగేలా చేశాడు. పొట్టి రెక్కలు, చిన్న తోక. మొదట్లో కొన్నది తిరునాళ్ల వంటి వినోద కేంద్రాలవాళ్లు. పిల్లలెక్కి ఊగేవారు.

1934లో అమెరికా సైన్యానికి ఉత్తరాలు మోసే పని అప్పగిస్తే, మంచులో, చీకట్లో దారి కనబడక పైలట్లు వరసగా కూలిపోయారు. అప్పుడు లింక్ డబ్బా గుర్తొచ్చింది. సైన్యం 6 యంత్రాలు కొంది. పైన మూత వేసేస్తే లోపలివాడికి ఆకాశం లేదు, నేల లేదు, ముళ్లు తిరిగే డయళ్లు తప్ప. బయటి నుంచి చూస్తే అది బొమ్మ విమానం. లోపల కూర్చున్నవాడికి పొగమంచు. నేర్పాల్సింది ఆ పొగమంచులో డయళ్లను నమ్మడమే కాబట్టి అంతకు మించి అక్కర్లేకపోయింది.

నేల మీద సుద్ద, సముద్రంలో యుద్ధం

1942 జనవరిలో లివర్‌పూల్‌లోని ఒక భవనంలో పెద్ద హాలు నేలంతా గళ్లు గీశారు. అదే అట్లాంటిక్ సముద్రం. ఓడలు సుద్దగీతలు. జర్మన్ జలాంతర్గాముల దాడుల నుంచి సరకు ఓడలను కాపాడే పద్ధతులు నేర్పడానికి కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ నడిపిన బడి ఇది. గీతలు గీసి ఆట ఆడించింది నౌకాదళంలోని అమ్మాయిలు. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలు వాళ్లలో ఉండేవారు.

చుట్టూ కాన్వాసు తెరలు, వాటికి సన్నటి చీలికలు. సముద్రం మీద తిరిగొచ్చిన అధికారులు ఆ చీలిక లోంచే ఆటను చూడాలి. ఓడ మీది నుంచి ఎంత కనబడుతుందో అంతే కనబడాలి మరి! మన ఓడల దారి తెల్ల సుద్దతో, శత్రువు దారి ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. ఆ ఆకుపచ్చ, నేల రంగులో కలిసిపోయి చీలిక లోంచి చూసేవాడి కంటికి ఆనేది కాదు. నీళ్లు లేవు, అలలు లేవు, ఫిరంగి మోత లేదు. తెలియకపోవడం మాత్రం అచ్చంగా ఉంది.

అడ్మిరల్ మ్యాక్స్ హోర్టన్ మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గామి కమాండర్. ఆయన ఈ ఆటలో శత్రువు వేషం వేసి అయిదుసార్లు ఆడాడు. అయిదుసార్లూ మునిగాడు. ముంచినది జానెట్ ఓకెల్ అనే కుర్రపిల్ల.

చంద్రుడి మీదికి అప్రస్తుత ప్రసంగి

అష్టావధానంలో అవధాని సమస్య పూరిస్తూ, నిషిద్ధాక్షరితో పోరాడుతూ ఉంటే మధ్యలో ఒకాయన దూరి ‘అవధాని గారూ, మీ ఇంట్లో వంకాయ కూర చేసేటప్పుడు తొడిమ తీస్తారా?’ అంటాడు. సభ గొల్లుమంటుంది. ఆయనే అప్రస్తుత ప్రసంగి. అవధాని మీద కోపంతో కాదు, ఏకాగ్రతకు పరీక్షగా ఆ వేషం వేస్తాడు.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ ఒక అప్రస్తుత ప్రసంగి ఉండేవాడు. హ్యూస్టన్‌లో శిక్షణ ఆటలు నడిపే పర్యవేక్షకుడి పని, ఉన్నట్టుండి ఏదో ఒకటి పాడుచేసి అవతలివాళ్లు ఏం చేస్తారో చూడటం. 1969 జూలై 5న, చంద్రుడి మీద దిగే ఘట్టానికి ఆడిన చివరి ఉత్తుత్తి ప్రయాణంలో రిచర్డ్ కూస్ కంప్యూటరు నుంచి 1201 అనే హెచ్చరిక వదిలాడు. ఎవరికీ దాని అర్థం తెలియలేదు. 26 ఏళ్ల స్టీవ్ బేల్స్ ప్రయాణం ఆపేయమన్నాడు. ఆట అయ్యాక కూస్ చివాట్లు పెట్టాడు: ఆపక్కర్లేదు, కంప్యూటరు తలకు మించిన పని పడి తడబడుతోంది, ముఖ్యమైన పని చేస్తూనే ఉంది అని.

వెంటనే జాక్ గార్మన్ అనే 24 ఏళ్ల ఇంజనీరు హెచ్చరికలన్నిటికీ చేతిరాతతో జాబితా తయారుచేశాడు. జూలై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ నిజంగా దిగుతుంటే 1202 మోగింది, ఆ తర్వాత 1201 కూడా. గార్మన్ జాబితా చూశాడు, బేల్స్ దిగవచ్చన్నాడు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. పదిహేను రోజుల ముందు అడిగిన వంకాయ తొడిమ ప్రశ్న అలా అక్కరకొచ్చింది.

సీన్ నది పిల్ల

గుండె ఆగినవాళ్లకు ఊపిరి ఊదడం, ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మను ఎక్కడో ఓ చోట చూసే ఉంటారు. 1960లో దాన్ని చేసినవాడు నార్వేలో ఆటబొమ్మలు తయారుచేసే ఆస్ముండ్ లేర్డాల్. నీళ్లలో మునిగిన తన చిన్న కొడుకును ఓసారి తానే బతికించుకున్న తండ్రి. బొమ్మకు ముఖం కావాల్సి వచ్చింది. మగముఖమైతే నోటికి నోరు ఆనించడానికి మగాళ్లు మొహమాటపడతారని అనుకున్నాడు. చుట్టాలింటి గోడ మీద చూసిన ముసుగు గుర్తొచ్చింది. అది సీన్ నదిలో దొరికిన ఓ యువతి ముఖమని 19వ శతాబ్దం నుంచీ ప్యారిస్‌లో చెప్పుకునే కథ. పేరు ఎవరికీ తెలియదు. ఆ నిద్రపోతున్న ముఖానికి ఆన్ అని పేరు పెట్టాడు. నీట మునిగిందని లోకం చెప్పుకునే పిల్ల, లక్షలమందికి ఊపిరి ఊదడం నేర్పింది.

రోగి అలిగితే రోగం మారుతుంది

హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు కుర్రవాడిగా ఉన్నప్పుడు, పరీక్షలకు పిలిపించే ఓ అసలు రోగి నవ్వుతూ రహస్యం చెప్పాడు. పరీక్షకు వచ్చిన ఒక డాక్టరు తనతో మోటుగా ప్రవర్తించాడట. దాంతో ఈయనకు కోపమొచ్చి, అరికాలి లక్షణాన్ని ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చేశాడట! పాపం ఆ డాక్టరుకు ఏం అర్థమవుతుంది?

బారోస్‌కు మాత్రం అర్థమైంది. రోగిని నటించవచ్చు. 1963లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, చిత్రకారుల ముందు మోడల్‌గా కూర్చునే రోజ్ మెక్‌విలియమ్స్‌కు నడుము కింద చచ్చుబడిన రోగి వేషం నేర్పాడు. డాక్టరు ఎలా మాట్లాడాడో, ఏం అడగడం మరిచాడో తర్వాత ఆవిడే చెప్పేది. హాలీవుడ్ వైద్య కళాశాలలో దూరిందని పత్రికలు ఎగతాళి చేశాయి. బారోస్ వెనక్కి తగ్గలేదు. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ గంట కొడితే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పరుగెత్తే ఆస్కీ పరీక్షను ప్రకటించాక, వేషం కట్టిన రోగి పరీక్ష గదుల్లో పాతుకుపోయాడు. మన దేశంలోనూ 2019 నుంచి ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరు ఒక పాఠమైంది.

అత్తగారి మోకాలు

2004 నుంచి 2020 దాకా అమెరికాలో డాక్టరు కావాలంటే స్టెప్ 2 సీఎస్ అనే పరీక్ష తప్పేది కాదు. మనవాళ్లెందరో గుంటూరు, వరంగల్, కర్నూలు కాలేజీల నుంచి వెళ్లి రాశారు. 12 గదులు, 12 మంది వేషం కట్టిన రోగులు, గదికి 15 నిమిషాలు. తలుపు తట్టాలి, పేరు చెప్పుకోవాలి, చేతులు కడుక్కోవాలి, ఒంటి మీద దుప్పటి సరిచేయాలి, మధ్యలో ‘అయ్యో’ అనాలి. రోగం పట్టుకున్నా ‘అయ్యో’ మరిస్తే మార్కు పోయేది.

మా చుట్టాలమ్మాయి ఆ పరీక్షకు చదువుతూ ఇంట్లో అత్తగారిని దివాన్ మంచం మీద పడుకోబెట్టి సాధన చేసేది.

‘అత్తయ్యా, మీకు ఛాతీలో నొప్పి. ఎడమ చేతిలోకి పాకుతోందని చెప్పాలి.’

‘నాకు ఛాతీలో ఏం లేదమ్మా. మోకాలే చంపుతోంది.’

‘ఇది ఉత్తుత్తి నొప్పి అత్తయ్యా.’

‘అసలు నొప్పి అడగవు కానీ ఉత్తుత్తి నొప్పికి దుప్పటి కప్పుతావు!’

ఆ పిల్ల ఆ రోజు పుస్తకం మూసేసి అత్తగారి మోకాలు చూసింది. పరీక్ష పాసైంది కూడా. ఎక్కువ ఉపయోగపడింది ఏ పుస్తకమని అడిగితే, మా అత్తయ్య తిట్టే అంటుంది.

బడిలో ఒక్కరోజు రాజ్యం

మన బడుల్లో స్వపరిపాలన దినం గుర్తుందా? పదో తరగతి పిల్లలు చీరలూ పంచెలూ కట్టి పంతుళ్లవుతారు. ఒకడు హెడ్మాస్టరు, ఒకడు కలెక్టరు, డవాలీ బంట్రోతు కూడా ఉంటాడు. నేను లెక్కల మాస్టారిని. జుట్టుకు సుద్దపొడి పూసి తెల్లబరిచాను, నాన్న కళ్లజోడు పెట్టాను. ఏడో తరగతిలోకి అడుగుపెట్టగానే వెనక బల్ల పిల్లాడు లేచి ‘సార్, సున్నాతో భాగిస్తే ఏమొస్తుంది?’ అన్నాడు. జుట్టు తెల్లగానే ఉంది, జవాబే లేదు. మాస్టారి ఉద్యోగంలో బరువు ఎక్కడుందో ఆ నిమిషంలో తెలిసింది.

ఇదే ఆట పెద్దగా ఆడితే యువ పార్లమెంటు. మన దేశంలో 1966-67లో ఢిల్లీ పాఠశాలల్లో మొదలైంది. లా విద్యార్థులకైతే బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది: కనీసం మూడు మూట్ కోర్టుల్లో వాదించాలి. అక్కడ ముద్దాయి కల్పితం, కేసు కల్పితం. జడ్జి మధ్యలో ఆపి అడిగే ప్రశ్నకు పట్టే చెమట మాత్రం సొంతం.

వేషం ఒంటికి అంటుకుంటే

1968 ఏప్రిల్ 5న, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్‌లో జేన్ ఎలియట్ అనే టీచరు మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి విడదీసింది. ఒక రంగువాళ్లు గొప్ప, ఇంకో రంగువాళ్లు తక్కువ. తర్వాత తలకిందులు చేసింది. గంటల్లోనే పిల్లలు స్నేహితులను ఈసడించడం మొదలుపెట్టారు. పాఠం మనసులో నాటుకుంది. పసివాళ్లతో ఇంత ఆట తగునా అన్న వాదన కూడా అప్పుడే మొదలైంది.

1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ జింబార్డో విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదారులుగా విడగొట్టి నేలమాళిగలో జైలు ఆట ఆడించాడు. రెండు వారాలనుకున్నది 6 రోజులకే ఆపాల్సి వచ్చింది. కాపలాదారులకు కఠినంగా ఉండమని ముందే నూరిపోశారన్న సంగతి తర్వాత బయటికొచ్చింది. పైగా జింబార్డో కూడా జైలు సూపరింటెండెంటు వేషం వేసుకుని కూర్చున్నాడు. మెలట్టూరులో నరసింహుణ్ని పట్టుకోవడానికి మనుషులున్నారు. ఇక్కడ పట్టుకోవాల్సినవాడే వేషంలో మునిగిపోయాడు.

పిట్టలదొర చెక్క తుపాకి

తెలంగాణ పల్లెల్లో పిట్టలదొరను ఎరగనివారు తక్కువ. తుపాకి రాముడనీ అంటారు. చిరుగుల ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో చెక్క తుపాకి. నోరు తెరిస్తే కోతలే. తుపాకి చెక్కదని దాచడు, కోతలు కోతలని దాచడు. దొరల దర్పాన్ని దొరల బట్టలతోనే గాలి తీసే వేషమిది. నమ్మించడం అతని పని కాదు, నవ్వించడమే. నిజం అంటూ ఉంటే చూసేవాడి నవ్వులో ఉంటుంది: ‘మా ఊరి దొర ఇట్లనే మాట్లాడుతడు’ అని.

చివరి రోజు

పగటి వేషగాళ్లలో ఒక కట్టుబాటుంది. ఊళ్లో రోజుకో వేషం చొప్పున కడతారు. సోమయాజి, బుడబుక్కలవాడు, మధ్యకు తెర పట్టి ఒకవైపు శివుడిగా, ఇంకోవైపు పార్వతిగా కనబడే అర్ధనారీశ్వరుడు. ఆ రోజుల్లో చెయ్యి చాచరు. అన్నీ అయ్యాక చివరి రోజున మామూలు బట్టల్లో వచ్చి సంభావన అడుగుతారు.

మా ఇంటికీ అలాగే వచ్చాడు. పంచె, కండువా, నున్నటి గడ్డం. నాయనమ్మ నమ్మలేదు. ‘ఆ పఠాను వేరే, నువ్వు వేరే’ అంది. అతను వాదించలేదు. వంగి మెల్లగా, ‘అమ్మా, ఆ రోజు మిమ్మల్ని భయపెట్టాను. తప్పు కాయండి. ఎడ్లు బాగున్నాయా?’ అన్నాడు. నాయనమ్మ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. లోపలికెళ్లి, ఈసారి గడియ పెట్టకుండా, చేటనిండా వడ్లు తెచ్చి పోసింది.